అరవై లీటర్ల సముద్రంలో ఎన్ని ప్రాణాలు?

ఉప్పునీటి అక్వేరియం, అందులోనూ పగడపు దిబ్బను తలపించే చిన్న రీఫ్ ట్యాంకు పెట్టుకోవాలన్న సరదా ఇప్పుడు మన ఊళ్లలోనూ కనిపిస్తోంది. పెట్టదలచినవాళ్లు అడిగే ప్రశ్నలకు మామూలుగా ఒక వరస ఉంటుంది. ముందు ట్యాంకు ఎంతది కొనాలి, తర్వాత ఫిల్టరు ఏది, లైటు ఏది, ఉప్పు ఏ కంపెనీది, ఏయే పరీక్షలు చేయాలి. ఇవన్నీ అయ్యాక చివర్లో, ఏ చేపలు వేయాలి అన్న ప్రశ్న వస్తుంది. నీటి నాణ్యత ఒక సంగతి, చేపల ఎంపిక ఇంకో సంగతి అన్నట్టు ఈ వరస నడుస్తుంది. ఈ వరసే తలకిందులుగా ఉందని ఇవాళ నేను చెప్పదలచుకున్నాను. చిన్న ట్యాంకులో నీరు ఎలా ఉండబోతోందన్నది చేపలు కొన్న రోజునే చాలావరకు తేలిపోతుంది. ఎన్ని ప్రాణాలు, ఏ ప్రాణాలు, ఏ క్రమంలో అన్న మూడు నిర్ణయాల మీదే నీటి మంచిచెడ్డలు ఆధారపడతాయి. పరికరాలు ఆ నిర్ణయాలకు తోడ్పడగలవు గానీ, వాటిలోని తప్పును మాత్రం దిద్దలేవు.

దీనికి రుజువు మేత లెక్కలో దొరుకుతుంది. రాళ్లు, ఇసుక పోగా నికరంగా 60 లీటర్ల నీరు పట్టే ట్యాంకును తీసుకుందాం. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపలు ఒక జత ఉన్నాయనుకుందాం. వారం మొత్తం మీద ఆ రెండింటికీ కలిపి ఒక గ్రాము పొడి మేత వేస్తున్నామనుకోండి. మంచి మేతలో 45 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. అంటే గ్రాము మేతలో 72 మిల్లీగ్రాముల నత్రజని ఉందన్నమాట. అందులో చేప ఒంటికి పట్టేది మూడో వంతు లోపే. మిగతా 50 మిల్లీగ్రాములు మొప్పల గుండా అమ్మోనియాగానో, మలంగానో, తినకుండా వదిలేసిన మెతుకులుగానో నీటిలోకే వచ్చి చేరతాయి. అదంతా అమ్మోనియాగానే నిలిచిపోతే 60 మిల్లీగ్రాములు అవుతుంది. వారం తిరిగేసరికి లీటరుకు ఒక మిల్లీగ్రాము. ఉప్పునీటిలో ఇది మరింత ప్రమాదకరం. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో, మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం చుట్టుపక్కల. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది గనుక అక్కడ ఆ వాటా ఏడు శాతం దాకా పోతుంది. అదే మోతాదు ఇక్కడ పది రెట్లకు మించిన విషం. ఇంత లెక్కా వేశాం, ఇందులో ట్యాంకు ఖరీదు గానీ లైటు వాట్లు గానీ ఎక్కడా రాలేదు. వచ్చినవి రెండే: నీరెంత, మేతెంత.

ఆ అమ్మోనియా పని పట్టేవి సూక్ష్మజీవులు. ఒక వర్గం దాన్ని నైట్రైటుగా మారిస్తే, ఇంకో వర్గం నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రైటు మంచినీటి చేపలకు పెద్ద గండం. సముద్రపు నీటిలో క్లోరైడు సమృద్ధిగా ఉండి మొప్పల దగ్గర దానికి అడ్డుపడుతుంది కాబట్టి ఉప్పునీటి చేపలకు ఆ బాధ తక్కువ. ఈ సూక్ష్మజీవుల గురించి మనకు తెలిసినదాంట్లో కొంత అక్వేరియంల నుంచే వచ్చింది. 2005లో అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో, ఉష్ణమండల చేపల తొట్టి అడుగున ఉన్న గులకరాళ్ల నుంచి శాస్త్రజ్ఞులు ఒక సూక్ష్మజీవిని వేరుచేశారు. అది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే మరో వంశానికి చెందినది. అమ్మోనియాను ఆక్సీకరణం చేసి బతికే ఆ జీవికి నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. దాని బంధువులు మహాసముద్రాల నిండా ఉన్నాయని ఆ తర్వాత బోధపడింది. మన విషయానికి కావలసిన సంగతేమిటంటే, ఈ జీవులు చాలా నెమ్మదిగా పెరుగుతాయి. కుళ్లబెట్టే బ్యాక్టీరియా నిమిషాల్లో రెట్టింపైతే, వీటికి చాలా గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా పడుతుంది. పైగా అందిన అమ్మోనియా ఎంతో అంతకు సరిపడా మాత్రమే వీటి జనాభా నిలుస్తుంది. రెండు చేపలకు అలవాటుపడిన రాళ్ల మీది ఈ జీవులపై ఒకేసారి ఇంకో నాలుగు చేపల భారం పడితే, ఆ లోటు పూడే లోపల విషం పేరుకుంటుంది. అందుకే చేపలు లేకుండా నాలుగు నుంచి ఆరు వారాలు ట్యాంకును నడిపించి, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చాక మొదటి చేపను వేయమంటారు. రెండో చేపకు మళ్లీ కొన్ని వారాల ఎడం ఉండాలి. ఎంత తొందరగా వేశామన్నది కూడా ఎన్ని వేశామన్నంత ముఖ్యమే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. చేపలు ఎక్కువైతేనేం, నీళ్లు మారుస్తూ ఉంటే సరిపోదా? చిన్న ట్యాంకుకు ఉన్న సౌకర్యమే అది కదా, పదో వంతు అంటే ఆరు లీటర్లు, పావుకిలో లోపు ఉప్పుతో పని అయిపోతుంది కదా? ఈ మాటలో నిజం ఉంది. పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లు ఈ విషయంలో చిన్న ట్యాంకువాళ్లను చూసి అసూయపడవచ్చు కూడా. కానీ నీళ్ల మార్పిడికి ఒక గట్టి హద్దు ఉంది. ఇందాకటి 50 మిల్లీగ్రాముల నత్రజని చివరకు నైట్రేటుగా మారితే 220 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు 3.7 చొప్పున ప్రతి వారం చేరుతుంది. మనం వారానికోసారి తీసేది అప్పటికి ఉన్నదాంట్లో పదో వంతు. తీసేదీ చేరేదీ సమానమయ్యేది లీటరుకు 37 మిల్లీగ్రాముల దగ్గర. ఎన్నాళ్లు మార్చినా నీరు అక్కడికే చేరుకుని నిలబడుతుంది. అదే ట్యాంకులో ఆరు చేపలుంటే ఆ అంకె 111. సగం నీరు ప్రతి వారం మార్చినా, మార్చే ముందటి అంకె 22 కన్నా కిందికి రాదు. దానికి వారం వారం 30 లీటర్ల ఉప్పునీరు, కిలోకు పైగా ఉప్పు కావాలి. అంత నీరు ఒక్కసారిగా మారితే ఉష్ణోగ్రతలో, ఉప్పదనంలో వచ్చే తేడా పగడాలకు వేరే శిక్ష. నాచు, రాళ్ల లోపలి పొరల్లో ఆక్సిజన్ లేనిచోట ఉండే మరికొన్ని బ్యాక్టీరియా కొంత నైట్రేటును లాగేస్తాయి గనుక నిజజీవితంలో అంకెలు ఇంతకన్నా తగ్గవచ్చు. నిష్పత్తి మాత్రం మారదు. మేత మూడు రెట్లయితే మురికి మూడు రెట్లవుతుంది.

రెండో అభ్యంతరం పరికరాలది. మంచి ప్రొటీన్ స్కిమ్మర్, పెద్ద ఫిల్టరు, సీసాల్లో దొరికే బ్యాక్టీరియా ద్రావణాలు ఉండగా భయమెందుకని. స్కిమ్మర్ మేలైన యంత్రమే. సన్నని గాలిబుడగల మీద సేంద్రియ పదార్థాన్ని నురుగుగా పట్టి, అది కుళ్లకముందే బయటికి తీస్తుంది, నీటికి ఆక్సిజన్ కూడా అందిస్తుంది. కానీ అమ్మోనియాను నేరుగా తీయలేదు. ఫిల్టరులోని స్పాంజి పట్టిన చెత్తను మనం కడగకపోతే అక్కడే కుళ్లి మళ్లీ నీటిలో కలుస్తుంది. యంత్రాలకు ముందు ప్రాణుల లెక్కే ప్రధానమని చూపిన ఉదాహరణ ఈ అభిరుచి చరిత్రలోనే ఉంది. ఇండోనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన, సముద్రం నుంచి తెచ్చిన సజీవ శిలలు, గాలిబుడగలు తప్ప మరే ఫిల్టరూ లేకుండా పగడాలను నిలబెట్టి, ఆ పద్ధతిని 1961లో లోకానికి వివరించాడు. రాళ్ల మీది జీవులు మోయగలిగినంత భారమే ఉన్నప్పుడు ఆ పద్ధతి నిలబడుతుంది, మించితే కూలుతుంది. మన పశ్చిమ గోదావరి రొయ్యల రైతులకు ఈ సూత్రం కొత్తగా చెప్పక్కర్లేదు. ఏరేటర్లు తిప్పుతారు, ప్రోబయోటిక్స్ చల్లుతారు, ల్యాబుకు నీళ్లు పంపి అమ్మోనియా, ఆల్కలినిటీ చూపించుకుంటారు. అయినా వనామీ రొయ్యల సాగుకు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చదరపు మీటరుకు 60 పిల్లలకు మించకూడదని హద్దు పెట్టింది. ఇన్ని సాధనాలున్నా సీడ్ ఎంత వదిలామన్న దగ్గరే చెరువు జాతకం మొదలవుతుందని ఆ హద్దు చెబుతోంది.

చిన్న ట్యాంకులో ఈ హద్దును ఇంకా కిందికి దించవలసిన కారణం మరొకటి ఉంది. తక్కువ నీటిలో ప్రతి మార్పూ వేగంగా జరుగుతుంది. ఆవిరినే చూడండి. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. 60 లీటర్లలో మూడు లీటర్లు ఆవిరైతే, సముద్రపు ప్రమాణమైన వెయ్యికి 35 పాళ్ల ఉప్పదనం దాదాపు 37కు ఎగబాకుతుంది. 600 లీటర్లలో అదే మూడు లీటర్లు పోతే అది 35.2 దగ్గరే ఆగుతుంది. అందుకే ఆవిరైన నీటికి బదులు ఉప్పు లేని శుద్ధజలాన్ని రోజూ పోయాలి, రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పదనం చూస్తుండాలి. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల వేడి హాయి. మన వేసవిలో అది నిలబెట్టడం కష్టం. హైదరాబాదులో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి ద్వారా రెండు మూడు డిగ్రీలు తగ్గించుకోవచ్చు, దానికి తగ్గట్టు మంచినీరు మరింత పోయవలసి వస్తుంది. విశాఖపట్నం ఉక్కపోతలో ఆ ఉపాయం అంతగా పారదు, చిల్లర్ తప్పదు. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. సముద్రపు నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే. అదే వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరం మాత్రం పెరుగుతుంది. రాత్రిపూట పగడాలు, నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వడం మాని తీసుకోవడం మొదలుపెడతాయి. అలాంటి రాత్రి కరెంటు పోయి పంపులు ఆగితే, రెండు చేపల ట్యాంకు గంటల తరబడి ఓర్చుకుంటుంది, ఆరు చేపల ట్యాంకు ఓర్చుకోలేదు. కాబట్టి ప్రాణుల సంఖ్యను అంతా సవ్యంగా నడిచే రోజును బట్టి వేసుకోకూడదు. అన్నీ ఎదురుతిరిగే రోజును బట్టి వేసుకోవాలి.

ట్యాంకులో పోసే నీటి సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. బోరు నీటిలోనూ కుళాయి నీటిలోనూ ఫాస్ఫేటు, సిలికేటు, క్లోరిన్ లాంటివి ఉండి నాచును పెంచుతాయి, లేదా ప్రాణులను బాధిస్తాయి. ఆర్వో తర్వాత డీఅయనైజేషన్ కూడా చేసి, కరిగిన పదార్థాలను కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపే నీటిలో అక్వేరియం ఉప్పు కలపడం సరైన పద్ధతి. ఇళ్లలో తాగునీటి ఆర్వో యంత్రాలు చాలావరకు రుచి కోసం కొంత ఖనిజాన్ని మళ్లీ కలుపుతాయి, ఆ నీరు దీనికి పనికిరాదు. సముద్రం పక్కనే ఉన్నవాళ్లు బీచి నీళ్లు తెచ్చుకోవచ్చు కదా అంటారు. కృష్ణా గోదావరులూ ఉత్తరాది నదులూ కుమ్మరించే మంచినీటి వల్ల బంగాళాఖాతం పైపొర మామూలు సముద్రం కన్నా ఉప్పు తక్కువ, వర్షాకాలం వెళ్లాక మన తీరంలో మరీ తక్కువ. నగరాల మురుగు, రేవుల నూనె సరేసరి. ఇన్ని తేడాలున్న నీటితో 60 లీటర్లను నిలకడగా నడపడం అసాధ్యం.

పగడాలు చేపల్లా మురికి చేయవు గనుక వాటికి లెక్క అక్కర్లేదని కొందరనుకుంటారు. అవి వేసే భారం వేరే రకం. రాతి పగడం తన అస్థిపంజరం కట్టుకోవడానికి నీటి నుంచి కాల్షియాన్నీ, క్షారతనూ, అంటే ఆక్వా రైతులు ఆల్కలినిటీ అనే దాన్నీ లాక్కుంటుంది. రెండూ ఒకే వేగంతో తగ్గినట్టు కనిపించవు. కాల్షియం లీటరుకు 20 మిల్లీగ్రాములు తగ్గేసరికి ఆల్కలినిటీ, దాన్ని కొలిచే డీకేహెచ్ అనే ప్రమాణంలో, 2.8 తగ్గుతుంది. 420 ఉన్న కాల్షియం 400 కావడం ఐదు శాతం తేడా. ఏడు ఉన్న ఆల్కలినిటీ 4.2 కావడం నలభై శాతం తేడా. అందుకే రీఫ్ ట్యాంకులో తరచుగా కొలవవలసినది ఆల్కలినిటీ. పగడాలు పెరిగేకొద్దీ ఈ వాడకం కూడా పెరుగుతుంది. చిన్న ట్యాంకులో రాతి పగడాలు గుంపుగా పెడితే, ఈ లోటు పూడ్చడానికి రోజూ పోసే మందు మోతాదులో చిన్న పొరపాటు కూడా నీటిని అటూ ఇటూ ఊపేస్తుంది. పగడాల విషయంలో చట్టం కూడా ఉంది. మన దేశంలో 2001 నుంచీ రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ నుంచి గానీ, లక్షద్వీప్ నుంచి గానీ, అండమాన్ నుంచి గానీ వాటిని తీయడం, అమ్మడం నేరం. దిబ్బ నుంచి విరిచిన సజీవ శిలకూ ఇదే వర్తిస్తుంది. పత్రాలు చూపలేని పగడాన్ని కొనకపోవడం, పొడి శిలతోనో సిరామిక్ రాళ్లతోనో మొదలుపెట్టి సూక్ష్మజీవులకు ఇంకొన్ని వారాల వ్యవధి ఇవ్వడం మనకున్న సరైన దారి.

మూడో అభ్యంతరం ప్రకృతిని చూపించి చేసేది. అసలు పగడపు దిబ్బ మీద చేపలు కిక్కిరిసి ఉంటాయి కదా, మన ట్యాంకులో రెండే ఎందుకు? దిబ్బ మీద చేపలు కిక్కిరిసి ఉన్న మాట నిజమే. కానీ వాటి వెనక ఉన్న నీరు కనిపించదు. అలలు, ఆటుపోట్లు, ప్రవాహాలు పగలూ రాత్రీ ఆ దిబ్బ మీదుగా కొత్త నీటిని నడిపిస్తుంటాయి. అంత చేపల మధ్య కూడా దిబ్బ నీటిలో నైట్రేటు లీటరుకు ఒక మిల్లీగ్రాముకు లోపే ఉంటుంది. ఆ సాంద్రతను అనుకరించాలంటే ఆ ప్రవాహాన్నీ తెచ్చుకోవాలి. దీనికి అటువైపు ఇంకో పొరపాటు కూడా ఉంది. నీరు శుభ్రంగా ఉంటే చాలు, నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకు దించాలని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. దిబ్బ మీద పగడాలకు ప్రవాహంతో పాటు నిరంతరం సూక్ష్మజీవుల రూపంలో ఆహారం అందుతుంది, ట్యాంకులో అది లేదు. పూర్తిగా సున్నా అయిన నీటిలో పగడాలు పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్లనే జిగురు నాచు కమ్ముకుంటుంది. నైట్రేటు లీటరుకు రెండు నుంచి పది, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య నిలకడగా ఉండటం చిన్న ట్యాంకుకు మంచిది. ఇలా కొంచెం ఉండీ మించకుండా నిలబడటం, రాళ్లలోని బ్యాక్టీరియా, నాచు లాగేసేది కలుపుకున్నా, రెండు మూడు చేపల మితమైన మేతతోనే సాధ్యం.

ఎన్ని చేపలన్నది మురికి లెక్కతో ఆగదు. హద్దుల తగాదా, ఈదడానికి చోటు, తిండి అలవాటు కూడా లెక్కలోకి రావాలి. 2003లో వచ్చిన ఫైండింగ్ నీమో సినిమా చూసి క్లౌన్ చేపతో పాటు నీలిరంగు టాంగ్‌ను కూడా అడిగే పిల్లలుంటారు. ఆ టాంగ్ పెరిగితే పాతిక సెంటీమీటర్లు దాటుతుంది, దానికి 60 లీటర్లు ఎన్నటికీ చాలవు. డామ్‌సెల్ చేపలు చవక, గట్టివి, కానీ తమ మూలకు వచ్చిన ప్రతి చేపనూ తరిమి కొరుకుతాయి. మాండరిన్ చేప రంగుల్లో రాణి. అది తినేది రాళ్ల మీద పాకే సూక్ష్మ క్రస్టేషియన్లను. చిన్న ట్యాంకులో అవి కొన్నాళ్లకే అయిపోయి ఆ చేప కళ్లముందే ఎండిపోతుంది. వీటితో పోలిస్తే చిన్న క్లౌన్ జత తెలివైన ఎంపిక. పిల్లలుగా ఉన్నప్పుడు రెండింటిని కలిపి వేస్తే, పెద్దది ఆడదిగా మారి, చిన్నది మగదిగా నిలిచి జత కుదురుతుంది. మూడోదాన్ని అవి బతకనివ్వవు. వాటికి తోడు ఒక గోబీ చేప, నాచు మేసే కొన్ని నత్తలు, ఒక క్లీనర్ రొయ్య చాలు. కొత్తగా తెచ్చిన చేపను ముందు కొన్ని వారాలు విడి తొట్టిలో ఉంచాలి. తెల్లమచ్చల రోగం ట్యాంకులోకి ప్రవేశిస్తే, దాన్ని చంపే రాగి మందు పగడాలనూ రొయ్యలనూ నత్తలనూ కూడా చంపుతుంది. చేపలు తక్కువైతే ఈ ప్రమాదమూ తక్కువ, ఎందుకంటే రోగానికి తలుపు తెరిచే సార్లు తక్కువ.

ఇంత నియమం పాటించి రెండు మూడు చేపలే పెంచాలంటే ఈ సరదా దేనికి, అసలు దిబ్బలే చనిపోతున్న కాలంలో ఈ పని న్యాయమేనా అని అడిగేవాళ్లకు జవాబు చెప్పి ముగిస్తాను. ఆగ్నేయాసియాలో దిబ్బల మీద సయనైడు చల్లి చేపలు పట్టిన చరిత్ర ఉంది. ఆ బేరంలో మనమెవ్వరం భాగస్వాములం కాకూడదు. కేరళలోని విళింజం, తమిళనాడులోని మండపం కేంద్రాల్లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతులు రూపొందించారు. హేచరీలో పుట్టిన పిల్ల పొడి మేతకు అలవాటుపడి ఉంటుంది, సముద్రం నుంచి దొంగిలించినది కాదు. కొనేటప్పుడు ఇది హేచరీదేనా అని అడిగితే అమ్మేవాడికీ అలాంటివే తెచ్చే అలవాటవుతుంది. రెండు చేపలు తక్కువ అన్న అసంతృప్తి మాత్రం చూపు మీద ఆధారపడింది. గోబీ ఇసుక తవ్వే తీరు, రొయ్య చేప మొప్పలు శుభ్రం చేసే తీరు, రాత్రి పగడం తన చేతులు చాచే తీరు గమనించడానికి సంఖ్య అడ్డు గానీ సాయం గానీ కాదు. కాబట్టి పెట్టదలచినవాళ్లు ఈ వరసను తిప్పి రాసుకోండి. ముందు ఏ రెండు మూడు ప్రాణులు కావాలో నిర్ణయించండి. వాటి మేతకు తగ్గ నీళ్ల మార్పిడి మీ వల్ల అవుతుందా అని లెక్క వేయండి. మే నెలలో కరెంటు పోతే ఏం చేస్తారో ముందే ఏర్పాటు చేసుకోండి. వీటికి సమాధానం కుదిరిన తర్వాతే ట్యాంకు కొలత, ఫిల్టరు, లైటు కొనడానికి వెళ్లండి. ఆ తర్వాత ఇంకో చేప మీద మనసైతే, మళ్లీ మొదటి ప్రశ్న నుంచే మొదలుపెట్టండి.